స్త్రీలు రాసిన యుద్ధ కవిత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి ప్రపంచ యుద్ధం (1914–1918) నాటి కవయిత్రుల్ని కొన్నేళ్లుగా చదువుతున్నాను. నలుగురు కూడిన చోట చదివి వినిపిస్తున్నాను, కొన్నింటిని తెలుగులోకి తెచ్చుకునే ప్రయత్నమూ చేస్తున్నాను. ఎక్కడ వినిపించినా అటూఇటూగా ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. నా జవాబుల్ని ఒకచోట రాసిపెడుతున్నాను. ఇందులో ఎక్కువ భాగం ఇంగ్లండు కవయిత్రుల గురించే ఉంటుంది. మన హైదరాబాదు సరోజినీ నాయుడు గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

యుద్ధానికి వెళ్లనివాళ్లు రాసింది యుద్ధ కవిత్వం ఎలా అవుతుంది?

అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న ఇదే. దీనికి నేను సిద్ధాంతం చెప్పను, ఒక బట్టల మూట గురించి చెబుతాను.

వేరా బ్రిటన్ అనే అమ్మాయికి రోలాండ్ లైటన్‌తో పెళ్లి నిశ్చయమైంది. అతను 1915 క్రిస్మస్‌కి సెలవు మీద వస్తానన్నాడు. ఆమె బ్రైటన్‌లోని ఒక హోటల్లో అతని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. డిసెంబర్ 26న ఫోన్ వచ్చింది. వస్తున్నానన్న కబురే అనుకుంది. అతను 23వ తేదీనే చనిపోయాడన్న కబురది. కొన్ని వారాల తర్వాత, 1916 జనవరిలో, సైన్యం అతని సామాన్లు ఇంటికి పంపించింది. మూట విప్పేసరికి అందులో రక్తం, బురద అంటిన యూనిఫాం ఉంది. ఆ వాసన శ్మశానం వాసనలా ఉందని వేరా రాసుకుంది. అవి తన కంటపడకూడదని, కాల్చడమో పూడ్చడమో చెయ్యాలని రోలాండ్ తల్లి అంది.

ఇప్పుడు నేను తిరిగి అడుగుతాను. ఆ గదిలో నిలబడ్డ ఇద్దరు స్త్రీలు యుద్ధంలో ఉన్నట్టా, లేనట్టా?

ఇంకో సంగతి. దక్షిణ ఇంగ్లండులో ఉన్నవాళ్లకి ఫిరంగుల మోత నిజంగానే వినబడేది. రోజ్ మెకాలే 'పిక్నిక్' అని ఒక కవిత రాసింది. 1917 జులైలో సర్రీ ప్రాంతంలో ఒక గుట్ట మీద వాళ్లు పడుకుని ఉంటారు. చుట్టూ ఎండ, పచ్చదనం. సముద్రం అవతల నుంచి ఫిరంగుల చప్పుడు గాలి మీద తేలి వస్తుంటుంది. మొదట్లో ఆ చప్పుడుకి గుండె ఆగిపోయేది, ఇప్పుడు అలవాటైపోయింది. ఆ అలవాటుపడటమే ఆమెను భయపెడుతుంది. గోడ కట్టుకుని బతుకుతున్నాం, గాలి దిశ మారితే ఆ గోడ కూలిపోతుందేమో అనుకుంటుంది. కందకంలో ఉన్న సైనికుడు రాయలేని కవిత ఇది. అలా దూరంగా కూర్చున్నవాళ్లకే ఈ సంగతి తెలుస్తుంది.

అసలు అంతమంది స్త్రీలు రాశారా?

రాశారు. కేథరిన్ రైలీ అనే గ్రంథపాలకురాలు ఆ యుద్ధం మీద కవితలు అచ్చువేసిన బ్రిటిష్ కవుల జాబితా తయారుచేసి 1978లో ప్రచురించింది. అందులో 2,225 పేర్లు తేలాయి. వాటిలో కనీసం 532 స్త్రీలవి. అంటే నలుగురిలో దాదాపు ఒకరు. 1981లో ఆమే స్త్రీల కవితల సంకలనం ఒకటి తెచ్చింది. దాని పేరు 'స్కార్స్ అపాన్ మై హార్ట్', అంటే 'నా గుండె మీది మచ్చలు'. నాకు తెలిసినంతలో ఈ దారిలోకి వచ్చే పాఠకులంతా ఆ తలుపులోంచే వస్తారు.

మరి ఆ పేర్లు మాకెందుకు తెలియవు?

నేను డిగ్రీలో చదివిన పాఠాల్లో యుద్ధ కవిత్వమంటే విల్‌ఫ్రెడ్ ఓవెన్, సీగ్‌ఫ్రీడ్ ససూన్, రూపర్ట్ బ్రూక్. వాళ్లు గొప్పవాళ్లే, అందులో రెండో మాట లేదు. చిక్కంతా ఆ తర్వాత విమర్శకులు పెట్టుకున్న కొలతతో వచ్చింది. 'కందకంలో ఉన్నాడా?' అన్నదే కొలత అయింది. లేనివాళ్ల మాట ఎంత నిజమైనా అది పక్క వాటాలో పడింది. 1985 నవంబర్ 11న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆ యుద్ధపు కవుల పేరిట ఒక పలక పెట్టారు. దాని మీద 16 పేర్లున్నాయి, 16 మందీ పురుషులే. రైలీ సంకలనం వచ్చి అప్పటికి నాలుగేళ్లయింది.

మరో కారణం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఆ 532 మంది రాసిందంతా మంచి కవిత్వం కాదు. పత్రికల్లో అచ్చయి మర్నాటికి మరిచిపోదగ్గవి బోలెడు. అయితే పురుషుల కవితల్లోనూ అదే పరిస్థితి. వాళ్లలోంచి పదిమందిని ఏరి నిలబెట్టారు, స్త్రీల విషయంలో ఏరే పని మొదలుపెట్టడానికే 60 ఏళ్లు పట్టింది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

వేరా బ్రిటన్‌తో మొదలుపెట్టండి. కవిగా ఆమె అందరికన్నా గొప్పదని నేననను. కానీ ఆమె జీవితం పక్కన పెట్టుకుని చదివితే మిగతావాళ్లు చదవడానికి కళ్లు అలవాటుపడతాయి.

1914లో ఆక్స్‌ఫర్డ్‌లో సోమర్‌విల్ కాలేజీలో చేరింది. ఆ రోజుల్లో ఆడపిల్ల అక్కడిదాకా రావడానికి ఇంట్లో ఎంత పోరాడాలో ఊహించుకోవచ్చు. ఏడాది తిరక్కుండా ఆ చదువు వదిలి నర్సుగా వెళ్లింది. లండన్, మాల్టా, ఆ తర్వాత ఫ్రాన్సులోని ఎతాప్ల్. అక్కడ గాయపడ్డ జర్మన్ ఖైదీలకు కూడా కట్లు కట్టింది. తన వాళ్లను చంపిన సైన్యంలోని కుర్రవాళ్లు ఆమె చేతుల్లో చనిపోయారు. తర్వాతి కాలంలో ఆమె యుద్ధవ్యతిరేకి కావడానికి విత్తనం అక్కడే పడిందని నా నమ్మకం.

రోలాండ్ పోయాక ఆమె రాసిన 'పర్‌హాప్స్' చాలా మామూలు మాటలతో ఉంటుంది. ఎప్పటికైనా సూర్యుడు మళ్లీ వెలుగుతాడేమో, వసంతం మళ్లీ బాగుంటుందేమో, పాటలు మళ్లీ వినబుద్ధవుతాయేమో అని ఒక్కొక్కటే ఒప్పుకుంటూ పోతుంది. కాలం అన్నిటినీ మాన్పవచ్చు, నువ్వు పోవడంతో పగిలినదాన్ని మాత్రం మాన్పలేదు అని ఆపుతుంది. మనింట్లో చావు జరిగినప్పుడు వచ్చిపోయేవాళ్లు 'కాలమే మాన్పుతుందమ్మా' అంటారే, వాళ్లకి ఎదురు చెప్పలేక తలాడించే మనిషి లోపల అనుకునే మాట అది.

రోలాండ్‌తో ఆగలేదు. స్నేహితులు జెఫ్రీ, విక్టర్ ఇద్దరూ 1917లో పోయారు. మిగిలింది తమ్ముడు ఎడ్వర్డ్. అతను 1916 జులై 1న, సోమ్ యుద్ధం మొదటి రోజున గాయపడి, ధైర్యానికి పతకం తెచ్చుకున్నాడు. ఆ రోజును తలుచుకుంటూ 1918 జూన్‌లో ఆమె 'టు మై బ్రదర్' రాసింది. నీ ఒంటి గాయాలు నా గుండె మీది మచ్చలు అన్నది ఆ కవిత మొదటి పాదం. రైలీ సంకలనానికి పేరు అక్కడినుంచే వచ్చింది. కవిత రాసిన నాలుగు రోజులకు, జూన్ 15న, ఇటలీ కొండల్లో ఎడ్వర్డ్ చనిపోయాడు. వేరా 1970 దాకా బతికింది. తన చితాభస్మాన్ని తమ్ముడి సమాధి మీద చల్లమని కోరింది, అలాగే చేశారు. 52 ఏళ్ల తర్వాత.

నర్సులుగా పనిచేసినవాళ్లు ఇంకెవరు రాశారు?

మేరీ బోర్డెన్‌ను తప్పకుండా చదవండి. షికాగోలో పుట్టిన ధనవంతురాలు. తన డబ్బుతో ఫ్రెంచి సైన్యం కోసం యుద్ధరంగానికి దగ్గర్లో ఆసుపత్రి పెట్టి నడిపింది. 1917లో అచ్చయిన ఆమె కవిత 'ది సాంగ్ ఆఫ్ ది మడ్' పూర్తిగా బురద గురించే. పొడవాటి పాదాలు, అంత్యప్రాసల్లేవు, ఊపిరి తిప్పుకోనివ్వని వచనకవిత. బురద సైనికుడి కోటు అంటుంది, అతని కిరీటమంటుంది. తర్వాత అదే బురద ఫిరంగుల్ని మింగుతుంది, గుర్రాల్ని మింగుతుంది, మనుషుల్ని ఆనవాలు లేకుండా నెమ్మదిగా మింగుతుంది. స్త్రీలు పూలు, కన్నీళ్లు, ప్రార్థనలే రాశారనేవాళ్ల ముందు నేను ముందుగా తీసి చూపే కవిత ఇది. కోస్తాలో తుపాను తర్వాత పొలాల్లో మోకాలిలోతు బురద తొక్కినవాళ్లకి ఇది వేరుగా వినిపిస్తుంది. చదివి వినిపించినప్పుడు ఆ తేడా వాళ్ల ముఖాల్లోనే చూశాను.

ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ల మాటేమిటి?

మగవాళ్లు యుద్ధానికి పోతే మందుగుండు తయారీలోకి లక్షల మంది స్త్రీలు వచ్చారు. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం తగిలి వాళ్ల చర్మం పసుపు రంగుకి తిరిగేది. అందుకే వాళ్లని 'కెనరీలు' అని పిలిచేవారు, పసుపు పచ్చని పిట్టల పేరు అది. ప్రమాదాలూ తక్కువ కాదు. 1917 జనవరి 19న లండన్ సిల్వర్‌టౌన్‌లో మందుగుండు ఫ్యాక్టరీ పేలి 73 మంది చనిపోయారు.

వీళ్ల మీద రెండు కవితలు పక్కపక్కన పెట్టి చదవాలి. మేరీ గాబ్రియెల్ కాలిన్స్ కవితలో, బిడ్డకు పాలు పట్టాల్సిన చేతులు తూటాలు చేస్తున్నాయన్న బాధ ఉంటుంది. మాడెలిన్ ఐడా బెడ్‌ఫర్డ్ 'మ్యునిషన్ వేజెస్'లో మాట్లాడే ఆమెకు ఆ బాధ లేదు. లండన్ కూలీజనం యాసలో, వారానికి ఐదు పౌన్లు సంపాదిస్తున్నాను, గాజులు కొన్నాను, బట్టలు కొన్నాను, రేపు పేలిపోతానేమో, ఉన్నన్నాళ్లు ఖర్చుపెడతాను అంటుంది. నా మొగ్గు రెండోదాని వైపే. మొదటి కవిత ఆ కార్మికురాలిని చూసి జాలిపడుతుంది, రెండోది ఆమెను మాట్లాడనిస్తుంది.

స్త్రీలంతా యుద్ధాన్ని వ్యతిరేకించారా?

లేదు. అలా అనుకుని చదవడం మొదలుపెడితే మొదటి పది పేజీల్లోనే నిరాశపడతారు.

జెస్సీ పోప్ 'డెయిలీ మెయిల్' పత్రికలో రాసే కవయిత్రి. 'హూజ్ ఫర్ ది గేమ్?' అని అడుగుతుంది ఒక కవితలో. యుద్ధం ఒక ఆట, దిగేదెవరు, గట్టు మీద కూర్చుని చూసేదెవరు అని కుర్రవాళ్లని రెచ్చగొడుతుంది. విషవాయువు దాడిలో చనిపోయే సైనికుడి మీద ఓవెన్ రాసిన ప్రసిద్ధ కవిత చిత్తుప్రతిలో అంకితం ఆమెకే. చివర్లో 'నా మిత్రమా' అని ఎత్తిపొడిచేది ఆమెనే.

ఆ కవితలు నాకూ మింగుడుపడవు. కానీ ఒక్క జెస్సీ పోప్‌ను చూపించి స్త్రీలంతా ఇంతే అని పక్కన పెట్టేశారు. యుద్ధాన్ని పొగిడిన మగకవులు వందల్లో ఉన్నారు, వాళ్లని చూపించి ఓవెన్‌ని ఎవరూ పక్కన పెట్టలేదు. పైగా పోప్ కూడా ఒక్కలా రాయలేదు. 'వార్ గర్ల్స్' అనే కవితలో రైల్లో టికెట్లు కత్తిరించే అమ్మాయి, లిఫ్టు నడిపే అమ్మాయి, బరువైన వ్యాను తోలే అమ్మాయి కనిపిస్తారు. ఆ అమ్మాయిల్ని చూసిన సంబరం ఆ కవితలో నిజమైనదే.

అటు చివర మార్గరెట్ పోస్ట్‌గేట్ ఉంది, పెళ్లయ్యాక కోల్. 1915 నవంబర్ నాటి ఆమె కవిత 'ది ఫాలింగ్ లీవ్స్' చాలా చిన్నది. గాలి లేని మధ్యాహ్నం, చెట్ల నుంచి గోధుమరంగు ఆకులు చప్పుడు లేకుండా రాలుతుంటాయి. గాలి వీచకుండానే, వయసు మీరకుండానే రాలిపోయిన ఒక పెద్ద సమూహం ఆమెకు గుర్తొస్తుంది. నినాదం లేదు, ఒక్క తిట్టు లేదు. ఆమె తమ్ముడు రేమండ్ తుపాకీ పట్టనన్నందుకు 1916లో జైలుకి వెళ్లాడు.

సరోజినీ నాయుడు కూడా ఈ యుద్ధం మీద రాసిందా?

రాసింది. మన దగ్గర ఆమెను కోయిలగా, రాజకీయ నాయకురాలిగా గుర్తుపెట్టుకున్నాం గానీ ఈ కవితను చాలామంది చదవలేదు. 'ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా' దాని పేరు. హైదరాబాదు స్త్రీలు నడిపిన యుద్ధ సహాయ సంఘం నివేదిక కోసం 1915 డిసెంబర్‌లో రాసింది. 1917లో వచ్చిన 'ది బ్రోకెన్ వింగ్' సంపుటిలో చేరింది. 1915 డిసెంబర్ అంటే గమనించండి, ఇంగ్లండులో వేరా హోటల్లో ఎదురుచూస్తున్న నెల అది.

సరోజిని హైదరాబాదులో 1879లో బెంగాలీ ఇంట పుట్టింది. డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని కులాంతరంగా పెళ్లిచేసుకుంది. యుద్ధం మొదలైనప్పుడు, 1914 ఆగస్టులో, ఆమె లండన్‌లో ఉంది. గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి అప్పుడే అక్కడికి చేరాడు. ఇద్దరి తొలి పరిచయం అక్కడే. ఆయన ఆత్మకథలో ఒక మంచి దృశ్యం ఉంది. లైసియం క్లబ్బు అనే స్త్రీల సంఘంలో సైనికులకు బట్టలు కుట్టించే పని జరుగుతోంది. సరోజిని కత్తిరించి పెట్టిన బట్టల గుట్టను ఆయన ముందుంచి, ఇవన్నీ కుట్టించి తెచ్చిపెట్టండి అంది. కవిత రాయడానికి ఏడాది ముందే ఆమె చేతులు ఈ యుద్ధంలో పనిచేశాయి. ఇటు బట్టలు కుట్టి పంపడం, అటు బట్టల మూటలు తిరిగి రావడం. ఈ రెంటినీ నేను విడదీసి చూడలేను.

కవితలో మాట్లాడేది తల్లి, అంటే దేశం. నా దగ్గర దాచుకున్నది ఏమైనా ఉందా, బట్ట గానీ గింజ గానీ బంగారం గానీ, అని అడుగుతుంది మొదట. నా కడుపున పుట్టిన కొడుకుల్నే ఇచ్చేశానంటుంది. వాళ్లు ఎక్కడ పడి ఉన్నారో చెబుతుంది. పర్షియా తీరాన ముత్యాల్లా, ఈజిప్టు ఇసుకలో గవ్వల్లా, ఫ్రాన్సు, ఫ్లాండర్స్ మైదానాల్లో కోసి పారేసిన పూలలా. ఆ ప్రాంతాల పేర్లు అలంకారం కోసం వచ్చినవి కావు. భారతీయ సైనికులు నిజంగా చనిపోయిన చోట్లే అవి. పది లక్షలకు పైగా మనవాళ్లు సముద్రాలు దాటి వెళ్లారు, 70 వేలకు పైగా తిరిగి రాలేదు.

మరి అది బ్రిటిష్‌వాళ్లను పొగిడిన కవిత కాదా?

పైకి అలాగే కనిపిస్తుంది. సైనికుల త్యాగం, కర్తవ్యం, యుద్ధభేరి అన్నీ ఉన్నాయి. యుద్ధంలో సాయపడితే స్వపరిపాలన వైపు ఓ అడుగు పడుతుందని అప్పట్లో చాలామంది నాయకులు నమ్మారు.

కానీ చివరి చరణం మెల్లగా చదవండి. ద్వేషం చల్లారాక, శాంతి దాగలి మీద జీవితాన్ని మళ్లీ సాగగొట్టుకునే రోజున, మీ సేనలో నిలిచి పోరాడినవాళ్లకు కృతజ్ఞత చెప్పేటప్పుడు, నా కొడుకుల నెత్తుటిని గుర్తుంచుకోండి అంటుంది. నా చెవికి ఇది పొగడ్తలా వినిపించదు. పద్దు రాసి చేతిలో పెట్టినట్టు వినిపిస్తుంది. పేరు 'కానుక', లోపల ఉన్నది బాకీ.

ఆ బాకీ ఎలా తీర్చారో మనకి తెలుసు. 1919లో రౌలట్ చట్టం తెచ్చారు. అదే ఏడు ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపారు, అదీ సైన్యానికి అందరికన్నా ఎక్కువ మంది కొడుకుల్ని పంపిన పంజాబులో. హైదరాబాదులో చేసిన సహాయ కార్యక్రమాలకు తనకిచ్చిన కైసర్-ఇ-హింద్ పతకాన్ని సరోజిని తిరిగి ఇచ్చేసింది.

రాయడం రాని స్త్రీల సంగతి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకి చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అచ్చులో ఉన్నవి వెతుక్కుంటూ పోతే చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లే కనబడతారు. 70 వేల మంది భారతీయ సైనికుల తల్లులు, భార్యల్లో ఎంతమందికి అక్షరాలు వచ్చుంటాయి?

వాళ్లు పాడారు. పంజాబు పల్లెల్లో యుద్ధాన్ని 'లామ్' అనేవారు. బస్రాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, సాగుతున్న లామ్ ముగిసిపోవాలని, తాను ముండమోపితనం వదిలి మళ్లీ ముత్తైదువ కావాలని ఒక స్త్రీ పాడే పాట ఉంది. ఎవరు కట్టారో తెలియదు. భర్త ఇంకా చనిపోలేదు, ఉత్తరం రావడం లేదంతే, ఆ లోపలే ఆమె విధవలా బతుకుతోంది. వంద ఇంగ్లీషు కవితల్లో దొరకని మాట రెండు పాదాల్లో ఉంది.

మన 'ఊర్మిళాదేవి నిద్ర' గుర్తొస్తుంది నాకు. తెలుగునాట స్త్రీలు తరతరాలుగా పాడుకున్న పాట. లక్ష్మణుడు అన్నతో అడవికి పోతే ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. యుద్ధం గెలిచి వచ్చి లేపితే మొగుణ్ణి గుర్తుపట్టదు. పరాయి మగవాడనుకుని నిలదీస్తుంది. రామాయణంలో రావణవధ గురించి పాడేవాళ్లు పాడతారు. ఇంటి దగ్గర మిగిలిపోయిన మనిషి గురించి, తిరిగొచ్చినవాడు పరాయివాడిలా తోచడం గురించి పాడింది ఆడవాళ్లే.

తెలుగులో స్త్రీలు రాసిన పాత యుద్ధ కవిత్వం ఉందా?

మన కావ్యాల్లో యుద్ధం మధ్య నిలబడి మాట్లాడే స్త్రీలు గొప్పగా ఉన్నారు. పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపే మాంచాల ఉంది. భారతం స్త్రీపర్వంలో కొడుకుల శవాల మధ్య తిరిగే గాంధారి ఉంది. అయితే మాంచాల చేత మాట్లాడించింది శ్రీనాథుడని చెబుతారు, గాంధారి చేత తెలుగులో ఏడిపించింది తిక్కన. మహాకవులు, గొప్ప మాటలు, కానీ వాళ్ల నోటి మాటలు.

పొరుగున తమిళంలో మాత్రం రెండువేల ఏళ్లనాటి సంగం సాహిత్యంలో స్త్రీల పేరిట ఉన్న పద్యాలున్నాయి. ఆ సాహిత్యంలోని పుఱనానూఱు అనే సంకలనంలో 112వ పద్యం పారి రాజు కూతుళ్లది. నెల రోజుల కిందట, ఆ వెన్నెల్లో, మాకు తండ్రి ఉన్నాడు, కొండ మా చేతిలోనే ఉంది. ఈ నెల, ఈ వెన్నెల్లో, గెలిచిన రాజులు కొండ తీసుకున్నారు, మాకు తండ్రి లేడు. అంతే పద్యం. ఐదు పాదాలు.

యుద్ధం ముగిశాక ఏం రాశారు?

1918 నవంబర్ 11న గంటలు మోగాయి. ష్రూస్‌బరీలో ఓవెన్ తల్లి ఇంటికి కొడుకు చనిపోయాడన్న టెలిగ్రాం ఆ రోజే చేరింది.

మే వెడర్‌బర్న్ కానన్‌ది మరీ కష్టమైన కథ. 1915లో ఫ్రాన్సులోని రువాన్ రైల్వేస్టేషన్లో సైనికుల క్యాంటీన్‌లో నాలుగు వారాలు పనిచేసి, ఆ రోజుల మీద 'రువాన్' అనే చక్కటి కవిత రాసింది. ఆమె ప్రేమించిన బెవిల్ క్విల్లర్-కౌచ్ యుద్ధమంతా బతికి బయటపడ్డాడు. పెళ్లి నిశ్చయమైంది. 1919 ఫిబ్రవరిలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి చనిపోయాడు. తేదీ చూసి యుద్ధం అయిపోయింది అనుకోవడం కుదరదని ఆమె కవితలు చదివాక అర్థమైంది.

షార్లెట్ మ్యూ 1919 సెప్టెంబర్‌లో 'ది సెనోటాఫ్' రాసింది. లండన్‌లో అమరవీరుల స్మారకం లేచిన కొత్తలో. స్మారకాన్ని సంత మధ్యలో పెట్టండి, బేరాలాడుకునేవాళ్ల ముఖాల్లోకి చూస్తూ చంపబడ్డ ఓ కుర్రవాడి ముఖం ఉంటుంది అంటుంది. వీరమరణం అనదు. చంపబడ్డ ముఖం అంటుంది.

వీటిని తెలుగులోకి తెస్తుంటే ఏది కష్టం?

గసగసాల పూలు, ఈస్టరు, ఓక్ చెట్లు, వీటితో పేచీ లేదు. ఒక చిన్న వాక్యంతో ఊరు చూపించవచ్చు. నన్ను నెలల తరబడి ఆపేసింది ఒక్క సర్వనామం.

ఎలనోర్ ఫార్జన్ 'ఈస్టర్ మండే' అనే పద్నాలుగు పాదాల కవిత రాసింది. కవి ఎడ్వర్డ్ థామస్ 1917 ఏప్రిల్ 9న, ఈస్టరు సోమవారం నాడు, అరాస్ దగ్గర చనిపోయాడు. అతనికి ఆపిల్ పళ్లంటే ఇష్టం. ఆమె ఒక పెట్టెనిండా పళ్లు పంపి, వాటి మధ్య వెండి రంగు ఈస్టరు గుడ్డు దాచింది. అది దొరికిందని మురిసిపోతూ అతను ఉత్తరం రాశాడు. యుద్ధం రేపోమాపో అన్నాడు, త్వరగా ఉత్తరం రాయమన్నాడు. కవితలో ఈ కబుర్లన్నీ ఉత్తరంలోలాగే మామూలుగా సాగుతాయి.

అతనికి పెళ్లయింది, భార్యాబిడ్డలున్నారు. ఎలనోర్ అతన్ని ప్రేమించింది, ఆ కుటుంబానికి ఆప్తురాలిగానే ఉండిపోయింది. ఇప్పుడు ఆమె అతన్ని తెలుగులో ఏమని పిలవాలి? ఇంగ్లీషులో ఒకే మాటతో గడిచిపోయింది. 'నువ్వు' అంటే ఆమె ఎన్నడూ దాటని గీత నేను దాటించినట్టవుతుంది. 'మీరు' అంటే ఆపిల్ పెట్టెలో గుడ్డు దాచిన చిలిపితనం చచ్చిపోతుంది. మొదట 'మీరు' అని రాశాను. కొన్నాళ్లకు కొట్టేశాను. అసలు పిలుపే లేకుండా క్రియలతో నెట్టుకొద్దామని చూశాను, కవిత ఎవరితోనూ మాట్లాడనట్టయింది.

చివరికి పదమూడు పాదాల్లో 'మీరు' ఉంచి, ఒక్క ఆఖరి పాదంలో 'నువ్వు' పెట్టాను. అతను చనిపోయిన రోజు ఉదయం తోటలో విత్తనాలు చల్లుకున్నామని, ఆపిల్ మొగ్గలు విచ్చడానికి సిద్ధంగా ఉన్నాయని చెప్పాక వచ్చే పాదం అది. నీకు అందని ఉత్తరాలు ఇంకా మూడు ఉన్నాయి.